సముచిత సాంకేతిక విద్య – దారిద్ర్య నివారణము

పేదవాని బలమును, కాలమును, ఇంధనమును వృథా కానీయక, అతని ఊరిలో దొరకు సామగ్రితోను, అతని చేతికి అలవడిన నైపుణ్యముతోను నిర్మింపదగినవియై, అతడు భరింపగల వెలకు లభించి, అతని సంపాదనమును పెంచునట్టి పనిముట్లను, పద్ధతులను రూపొందించు శాస్త్రమునకు సముచిత సాంకేతిక విద్య యని పేరు. దీని పరిధి మిక్కిలి విశాలము. చేతిపంపు, పొగలేని పొయ్యి, గోబరుగ్యాసు తొట్టి, త్రొక్కుడు పంపు, మేలైన గానుగ, చేనేత పనివారి చిన్న యంత్రములు మొదలుకొని, సూర్యరశ్మిచే వెలుగు దీపములు, మొబైలు ఫోను ద్వారా ధనము పంపుకొను ఏర్పాట్ల వరకు ఇందు చేరును.

దారిద్ర్యమును రూపాయలలో కొలుచుట వాడుక. కాని పేదయింటి దినచర్యను గమనించినవారికి అది గంటలలోను, మోతబరువులోను గూడ కనబడును. నీటికి పోవు దూరము, వంటచెరకు కొరకు పొలముల వెంట తిరుగుట, వడ్లు దంచుట, పిండి విసరుట, నూలు తోడుట – ఇవన్నియు పైకము పుట్టని పనులు. వీనిలో అధికభాగము స్త్రీలపై పడిన పని. ఈ గంటలలో కొన్నింటిని మిగిల్చి, వానిని కూలిగానో పంటగానో మార్చుకొను వీలు కల్పించుటయే ఈ విద్య యొక్క ప్రధాన లక్ష్యము. ఈ రంగమున సుమారు నూరేండ్ల అనుభవమును పరిశీలించినచో, ఒక సాధనము పేదలకు మేలు చేయునా లేదా యనునది దాని నిర్మాణ చాతుర్యముకంటె, అది చెడిపోయిన నాడు దానిని ఎవరు, ఎన్నాళ్ళలో, ఎవరి ఖర్చుతో బాగుచేయుదురను ప్రశ్నపైననే ఎక్కువగా ఆధారపడియుండుట స్పష్టమగును. ఈ ప్రశ్నను మొదటనే వేసికొన్న ప్రయత్నములు బహుకొద్ది.

భావము పుట్టిన తీరు

భారతదేశమున ఈ ఆలోచనకు మూలము రాట్నోద్యమమున నున్నది. 1925లో స్థాపితమైన అఖిల భారత చరఖా సంఘము, 1929లో, మేలైన రాట్నమును నిర్మించినవారికి లక్ష రూపాయల బహుమాన మిత్తుమని ప్రకటించెను. ఆ దినములలో లక్ష రూపాయలనగా ఒక చిన్న జమీందారీ రాబడి; ఐనను బహుమానపు మొత్తముకంటె దానికి విధించిన నిబంధనలే నేటి పాఠకునికి ఎక్కువ ఆసక్తిని గొలుపును. రాట్నము తేలికయై, పల్లెటూరి యింటిలో చేతితో గాని కాలితో గాని నడుపదగినదై యుండవలెను. ఒక స్త్రీ విశేషమైన అలసట లేకుండ ఎనిమిది గంటలు పనిచేసి, 12 మొదలు 20 నెంబరు వరకు గల నూలును 16,000 అడుగులు వడకగలుగవలెను. వెల 150 రూపాయలకు మించరాదు. అది ఇరువదియేండ్లు మన్నవలెను. అరిగిన భాగములను మార్చుటకు ఏటేట అగు ఖర్చు యంత్రపు వెలలో నూటికి అయిదింటికి మించరాదు. ఈ కడపటి షరతును వ్రాసినవారు పల్లెటూరిని ఎరిగినవారని ఒప్పుకొనక తప్పదు. నిబంధనలన్నింటిని తృప్తిపరచిన యంత్రమేదియు రాకపోవుటచే ఆ బహుమానము ఎవ్వరికిని దక్కలేదు.

1934లో వార్ధాయందు గాంధీమహాత్ముని ప్రేరణచే వెలసిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము, జె. సి. కుమారప్ప నిర్వహణమున, ఈ దృష్టిని రాట్నమునుండి గానుగకు, కాగితపు తయారీకి, బెల్లపు వంటకు, వృక్షతైలముతో వెలుగు దీపమునకు విస్తరింపజేసెను. కుమారప్ప అర్థశాస్త్రమును, లెక్కల తనిఖీని అభ్యసించినవాడగుటచే, చేతిపనిని భక్తిభావముతో గాక జమాఖర్చులతో సమర్థింప యత్నించెను. స్వాతంత్ర్యానంతరము తమిళనాటి ఏకాంబరనాథన్ నిర్మించిన, పెక్కు కదురులు గల అంబర్ చరఖా రెండవ పంచవర్ష ప్రణాళికలో ప్రభుత్వాదరణమును పొందినది. అది వడకు నూలు మిల్లునూలుతో వెలకు సరితూగదనియు, సర్కారు సహాయము ఆగిననాడు రాట్నమును ఆగుననియు ఆర్థికవేత్తలు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో చాలభాగము నిజమే యయ్యెను. చేతిపని గౌరవప్రదమైనంత మాత్రమున దానివలన కూలి గిట్టుబాటు కాదు.

ఈ భావమునకు ప్రపంచవ్యాప్తి కల్పించినవాడు ఇ. ఎఫ్. షూమాకర్. జర్మనీలోని బాన్ నగరమున 1911లో జన్మించి, ఇంగ్లండులో స్థిరపడి, ఆ దేశపు జాతీయ బొగ్గు బోర్డునకు ఇరువది సంవత్సరములు ఆర్థిక సలహాదారుగా పనిచేసిన ఈయన, 1955లో బర్మా ప్రభుత్వ సలహాదారుగా వెళ్ళి, అచ్చటి పల్లెల జీవనమును చూచి, పాశ్చాత్య యంత్రములను ఉన్నవున్నట్లు దిగుమతి చేసికొనుట ఆ దేశములకు మేలు కాదని నిశ్చయించుకొనెను. ఆయన వాదము సూటియైనది. పల్లెటూరి పనిముట్టు ఒక్క పౌనుదనియు, నగరపు యంత్రము వేయి పౌన్లదనియు అనుకొనుడు. వేయి పౌన్ల యంత్రము వచ్చిన చోట ఒక్కనికి పని దొరకి, ఒక్క పౌను పనిముట్లు గల పలువురు పని కోల్పోవుదురు. కావున నూరు పౌన్ల సాధనము కావలెను. ఆ నడిమి మెట్టును నిర్మించుటకై ఆయన 1966లో మిత్రులతో గూడి లండనులో ఒక సంఘమును స్థాపించెను. అది ఇప్పుడు ప్రాక్టికల్ యాక్షన్ అను పేరుతో పనిచేయుచున్నది. 1973లో వెలువడిన ఆయన గ్రంథము ‘స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్’ పెక్కు భాషలలోనికి పరివర్తన మొందినది. గాంధీ, కుమారప్పల ఋణమును షూమాకర్ దాచుకొనలేదు. 1974లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థయందు ఆచార్య ఎ. కె. ఎన్. రెడ్డి గ్రామముల కొరకు విజ్ఞానమును వినియోగించు ‘అస్త్ర’ అను శాఖను నెలకొల్పుటతో, ఈ చింతన పెద్ద ప్రయోగశాలల లోనికిని ప్రవేశించినది.

నీరు

తెలుగుదేశపు రైతునకు నీటిని తోడు పనిముట్లు క్రొత్తవి కావు. ఏతపుమానుమీద మనిషి ముందునకు వెనుకకు నడచుచుండగా బాన నూతిలోనికి దిగి పైకివచ్చుచుండెను; ఎద్దులచే కపిల తోలుచుండిరి; కాలువగట్టున ఇద్దరు ఎదురెదురుగా నిలిచి గూడ వేయుచుండిరి. మనిషి బరువును నీటిని ఎత్తు శక్తిగా మార్చు ఏతాముయొక్క సూత్రమే, మరియొక రూపమున, బంగ్లాదేశమున గొప్ప ఫలితమునిచ్చినది. 1980 ప్రాంతమున ఆ దేశపు ఉత్తర జిల్లాలలో రంగపూర్-దినాజ్‌పూర్ గ్రామసేవా సంస్థలో పనిచేయుచుండిన నార్వే ఇంజనీరు గున్నార్ బార్న్స్, రెండు రేకు సిలిండర్లను, రెండు వెదురు తొక్కుడు కర్రలను, వానిని కలుపు త్రాటిని జోడించి ఒక పంపును నిర్మించెను. ఒక కాలు దిగినప్పుడు రెండవకాలి క్రింది ముషలకము లేచును. నీరు తెంపు లేకుండ పారును. చేతిపంపును కొట్టినట్లు భుజములు నొప్పిపెట్టక, ఇంటిలోని పిల్లలైనను, పెద్దలైనను వంతులవారీగా త్రొక్కగలుగుదురు.

ఈ పంపు వ్యాపించిన తీరు దాని నిర్మాణముకంటె బోధప్రదమైనది. పాల్ పోలాక్ స్థాపించిన అంతర్జాతీయ సంస్థ దీనిని ఉచితముగా పంచలేదు. ఊరూర చిన్న కార్ఖానాలవారు దీనిని చేసి అమ్మునట్లును, మేస్త్రీలు గొట్టములు దించి లాభము పొందునట్లును ఏర్పాటు గావించి, జాతరలలో సినిమాలు ప్రదర్శించి ప్రచారము చేసెను. బంగ్లాదేశమున పది లక్షలకు పైగా పంపులు అమ్ముడుపోయినవి. అరయెకరము, ఎకరము గల రైతు శీతకాలమున కూరగాయలు పండించి, తాను పెట్టిన పైకమును తొలిపంటలోనే రాబట్టుకొనెను. పంపు చెడినయెడల బాగుచేయుటకు దానిని అమ్మినవాడే ప్రక్క ఊరిలో నుండెను. ఐనను పీల్చుడు పంపునకు ప్రకృతి విధించిన హద్దు ఒకటి కలదు. నీరు ఇరువది, ఇరువదిరెండు అడుగులకు దిగువనున్నచో అది పనిచేయదు. గంగా బ్రహ్మపుత్రల ఒండ్రునేలలో వరప్రసాదమైన ఈ యంత్రము, దక్కను రాతినేలలోని బావులకు కొఱగాదు. ఒకచోట నెగ్గిన పనిముట్టును మరియొకచోటికి మోసుకొనిపోవు ఉత్సాహవంతులు ఈ చిన్న భౌతిక సత్యమును తరచుగా మరచుచుందురు.

దక్కను సమస్య వేరు. 1960 తరువాతి కరవుల కాలమున ఐక్యరాజ్యసమితి బాలలనిధి సహాయముతో రాతిని తొలుచు యంత్రములు వచ్చి, వందల అడుగుల లోతున నీటిని చూపినవి. కాని వానిపై బిగించిన పోతయినుప చేతిపంపులు, పాశ్చాత్యదేశములలో ఒక్క కుటుంబము రోజునకు నాలుగు బిందెలు తోడుకొనుటకై రూపొందినట్టివి. మనయూళ్ళలో తెల్లవారినది మొదలు చీకటిపడు వరకు వందలమంది కొట్టుటచే అవి నెలలలోనే విరిగిపోయినవి. 1970 దశాబ్దపు నడుమ జరిగిన పరిశీలనలో నాలుగింట మూడు పంపులు పనిచేయుట లేదని తేలినది. కోట్ల రూపాయలు వెచ్చించి తవ్విన బోరుల నోట నీరు రాకుండుటకు కారణము, ఒక పిడియు ఒక మేకును మాత్రమే.

దీనికి విరుగుడు గొప్ప ప్రయోగశాలలో పుట్టలేదు. మహారాష్ట్రమున జాల్నా, షోలాపూర్ ప్రాంతములందు క్రైస్తవ సేవాసంస్థల కర్మశాలలవారు ఉక్కుతో చేసికొనిన మోటుపంపు చెడకుండ పనిచేయుచుండుట గమనించి, బాలలనిధి ఇంజనీర్లును, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారమును దానిని సంస్కరించిరి. కోయంబత్తూరు ప్రాంతమున పరీక్షలు సాగినవి. 1977-78 నాటికి ‘ఇండియా మార్క్ 2’ అను పేరుతో అది పెద్దయెత్తున తయారు కాజొచ్చెను. తెలుగు పల్లెలలో బోరింగు అనగానే మనకు స్ఫురించు రూపము ఇదియే. కాంక్రీటు గద్దెలో పాతిన ఉక్కు కాళ్ళు, పైన పెట్టె, పెట్టెలోపల బేరింగులమీద తిరుగు పొడవాటి పిడి, పిడికొనకు వ్రేలాడు గొలుసు, గొలుసు చివర నూటయేబదియడుగుల లోతు వరకు దిగు ఇనుప కడ్డీల వరుస, అట్టడుగున ఇత్తడి సిలిండరు. కడ్డీని గొలుసు నిట్టనిలువుగా లాగుటచే ఇరుసు ప్రక్కకు ఒరసికొని అరుగదు; పాత పంపుల చావునకు మూలమైన రోగము దీనితో తీరినది. 1990 దశాబ్దపు నడిమికి ఇట్టివి సుమారు ఏబదిలక్షలు తయారై, ఉగాండా మొదలైన ఆఫ్రికా దేశములలో గూడ పాదుకొన్నవి.

ఐనను గొలుసు పంపులోను ఒక బలహీనత మిగిలినది. అడుగున సిలిండరులోని తోలు వాషరు అరిగినప్పుడు, అరచేతిలో పట్టు ఆ ముక్కను మార్చుటకు, వందయడుగుల ఇనుపగొట్టములన్నింటిని ఒక్కొక్కటిగా మరలు విప్పి పైకి లాగవలెను. దానికి ముక్కాలిపీటవంటి పెద్ద సామగ్రి, నలుగురైదుగురు మనుష్యులు, వారిని తెచ్చు వ్యాను కావలెను. వ్యాను జిల్లా కేంద్రమున నుండును. ఊరి అర్జీ తాలూకా కచ్చేరీలో నుండును. స్త్రీలు చెరువునకు నడచుచుందురు. ఈ దురవస్థనుండి ‘మార్క్ 3’ పుట్టినది. దానిలో గొట్టము వెడల్పగుటచే వాషరు గల భాగమును గొట్టము కదపకుండనే పైకి లాగవచ్చును. తూర్పు ఆఫ్రికాలో వెలసిన ఆఫ్రిదేవ్ పంపును ఊరివారే మరమ్మతు చేసికొనగలుగుటను ప్రథమసూత్రముగా గైకొని రూపొందినది. ఉత్తరప్రదేశములోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య పక్షమున నిరక్షరాస్యలైన స్త్రీలకు పంపు మరమ్మతు నేర్పగా, వారు ఆ పనిని నిర్వహించుటయే గాక, మగవారి పనియను అపోహను గూడ తొలగించిరి. పంపు చెడినందున నష్టపడువారే దానిని బాగుచేయుట న్యాయమును, లాభమును.

ఈ సంగతిని మరచినందున కలుగు ఫలమునకు దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆటపంపు నిదర్శనము. పిల్లలు ఎక్కి తిరుగు రంగులరాట్నముతో నీటిని తోడవలెనని దాని ఉద్దేశ్యము. చూచుటకు ముచ్చటగా నుండుటచే 2006లో అమెరికా ప్రభుత్వమునుండియు దాతలనుండియు దానికి భారీ విరాళములు లభించి, 2010 నాటికి నాలుగువేలు స్థాపింపవలెనని సంకల్పింపబడెను. పిల్లలు ఆడని వేళలందు నీరు కావలసిన ముదుసలి స్త్రీలు ఆ చక్రమును వంగి త్రిప్పవలసివచ్చెను. చెడినప్పుడు ఊరిలో బాగుచేయువాడు లేకపోయెను. సంకల్పించిన గడువు రాకముందే ఆ ఉద్యమము చల్లారెను.

మంచి పంపు వెంబడి అనుకొనని కీడును రాగలదు. చెరువులు, కాలువల మురికినీటినుండి కలుగు అతిసారమును మాన్పుటకై 1970 దశాబ్దమునుండి బంగ్లాదేశమున లక్షలకొలది గొట్టపుబావులు దించిరి. శిశుమరణములు తగ్గుటకు అవి తోడ్పడినవి. కాని 1993లో ఆ నీటియందు పాషాణపు విషము, అనగా ఆర్సెనిక్, ఉన్నట్లు ధ్రువపడినది. ఆ దేశపు 12.5 కోట్ల ప్రజలలో 3.5 కోట్లనుండి 7.7 కోట్ల వరకు ఆ ముప్పునకు లోనై యుందురని 2000లో అంచనా వేయబడెను. బావులను పరీక్షించి, విషము గలవానికి ఎఱుపు, లేనివానికి ఆకుపచ్చ రంగు పూయుట తొలి నివారణోపాయమయ్యెను. నీటి రుచి, రంగు, వాసనలవలన తెలియని దోషమును పట్టుకొను పరీక్ష, పంపుతోబాటు ఊరికి రావలసియుండెను.

తెలుగుదేశమున ఇట్టి గుప్తదోషము ఫ్లోరైడు. భారతదేశమున నీటిలోని ఫ్లోరైడువలన కలుగు ఎముకల వ్యాధి మొట్టమొదట గుర్తింపబడినది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలోనే. పిదప నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి పేరుమోసినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థవారు 1970 దశాబ్దమున రూపొందించిన శుద్ధిపద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ యనియే ప్రపంచమంతట పేరు. కావలసిన సామగ్రి పటిక, సున్నము, బ్లీచింగు పొడి. మూడును ఏ సంతలోనైన దొరకునవే. వీనిని తగుపాళ్ళలో నీటియందు కలిపి మొదట వడిగాను, పిదప మెల్లగాను కలియబెట్టగా, పటిక మడ్డిగా గట్టి ఫ్లోరైడును తనతో అడుగునకు దింపును, పైనీటిని వడగట్టుకొందురు. బకెట్టుతో ఇంటిలోను, పెద్ద తొట్టితో ఊరంతటికిని చేసికొనదగిన ఈ పద్ధతి కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశములకు ప్రాకినది. జిల్లా పేరు ఆఫ్రికాకు పోయినంత సులభముగా పద్ధతి జిల్లాలో నిలువలేదు. పటిక పాలు నీటినిబట్టి మారుచుండును, ప్రతిదినము కొలిచి కలుపవలెను, మడ్డిని ఎక్కడనో పారబోయవలెను. కలుపువాడు ఒక వారము రానియెడల తొట్టి ఎండును. కృష్ణాజలము గొట్టముల వెంట ఊళ్ళకు చేరుటయే చివరకు ఆ జిల్లాకు మేలైన చికిత్స యైనది. చిన్న సాధనము ప్రతి సమస్యకును సమాధానము కాదనుటకు దీనిని చెప్పవలసి వచ్చినది.

పొయ్యి, వంటచెరకు

పిడకలు, కట్టెలు మండు పొయ్యిముందు కూర్చుండు స్త్రీ పొగతో కన్నులను, ఊపిరితిత్తులను పాడుచేసికొనుట తరతరాల సంగతి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజు ఈ విషయమున అగ్రగామి. ఒకే మంటపై వరుసగా కుండలు పెట్టుకొనుటకు వీలైన మూతపొయ్యిని మట్టితో నిర్మించి, పొగగొట్టము ద్వారా పొగను కప్పుపైకి పంపు విధానమును ఆయన రూపొందించి, 1953లో దానిని వివరించుచు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. పొగ లేని వంటయిల్లు కోట్లమందికి అందవలెనని ఆయన ఆశ. ముప్పదియేండ్ల పిదప, 1983లో, భారతప్రభుత్వము దేశవ్యాప్తముగా మెరుగుపొయ్యిల పథకమును ప్రారంభించి, 2002లో దానిని ముగించునప్పటికి మూడుకోట్లకు పైగా పొయ్యిలను వేయించినట్లు లెక్కలు చూపెను. వానిలో ఎన్ని మండుచుండెనన్నది వేరు ప్రశ్న. వెలలో సగమునకు పైగా సర్కారే భరించుటచే, పొయ్యి వేయువాని దృష్టి లెక్కపూర్తిపై నుండెనే గాని, ఇల్లాలి వంటపై లేదు. జొన్నరొట్టె కాల్చుటకు పెద్ద మంట కావలెను. కొత్త పొయ్యి నోరు చిన్నది. గొట్టమున మసి పేరుకొనినచో పొగ వెనుకకు తన్నును. గొట్టమును వారమునకొకసారి దులుపవలెనని ఎవ్వరును గట్టిగా చెప్పలేదు. ఒడిశాలో ఆర్థికవేత్తలు నాలుగేండ్లు కుటుంబములను అనుసరించి చేసిన పరిశీలనలో, మొదటి సంవత్సరము పొగ పీల్చుట తగ్గినను, తరువాత ఆ మేలు మాయమైనట్లు తేలినది. పొయ్యిలను సరిగా వాడుటయు, బాగుచేసికొనుటయు క్రమముగా మానివేసిరి.

చీనాదేశమున మార్గము వేరు. 1980 దశాబ్దపు ఆరంభమునుండి అచ్చట సుమారు 12.9 కోట్ల పొయ్యిలు వేయబడినవి. ప్రభుత్వధనము శిక్షణకు, పరీక్షకు, నిర్వహణమునకు వెచ్చింపబడెను; పొయ్యి వెలను చాలవరకు గృహస్థుడే ఇచ్చుకొనెను; పొయ్యి వేయువారు దానితోడనే బ్రతుకవలసియుండుటచే కొన్నవానిని మెప్పింపవలసివచ్చెను. కెన్యాలో 1980 ప్రాంతమున, థాయ్‌లాండు బకెట్టుపొయ్యి ననుసరించి, నడుమ సన్నగిల్లిన రేకుచట్రమున కాల్చిన మట్టిగిన్నెను బిగించిన బొగ్గుల కుంపటి వెలసినది. నైరోబీ సందులలోని రేకుపనివారు పాత డబ్బారేకులతో దానిని చేసి, సర్కారు సహాయము లేకనే బజారున అమ్ముకొనిరి. బొగ్గు కొనుక్కొను పట్టణపు పేదకు నెలనెలయు పైకము మిగులును. కట్టెలు ఏరుకొను పల్లెపడుచునకు మిగులునది కాలము మాత్రమే. కుంపటి పట్టణమున నెగ్గి పల్లెలో మందగించుటకు ఇది కారణము.

పేడను నీటితో సమముగా కలిపి గాలి చొరని తొట్టిలో పులియబెట్టగా వెలువడు వాయువుతో వంటయు, మిగిలిన ముద్దతో ఎరువును లభించు గోబరుగ్యాసు విషయమున భారతదేశపు కృషి దీర్ఘమైనది. ఖాదీ గ్రామోద్యోగ సంఘము వ్యాపింపజేసిన తేలుడు ఇనుపమూత తొట్టి త్రుప్పుపట్టును, వెల హెచ్చు. 1984లో రూపొందిన దీనబంధు తొట్టి ఇటుకల గుమ్మటముతో వెలను చాల తగ్గించెను. ఐనను కుటుంబమునకు సరిపడు తొట్టికి రోజూ మూడునాలుగు పశువుల పేడ కావలెను. పశువులు లేని కూలివానికి తొట్టి లేకపోవుటయే గాక, అంతవరకు దారిన ఊరకే ఏరుకొనుచుండిన పేడకు గూడ యజమాని పుట్టుకొచ్చెను. కర్ణాటకములోని పుర గ్రామమున ‘అస్త్ర’ శాస్త్రజ్ఞులు ఉమ్మడి తొట్టిని కట్టి, ఊరి పేడ వంటలకన్నింటికి చాలదని గ్రహించి, 1987నుండి ఆ వాయువుతో ఇంజను నడపి వీధికొళాయి నీటిని, ఇండ్లకు దీపములను సమకూర్చిరి. పేడ తెచ్చినవారికి పైకమును, ఎరువును తిరిగి ఇచ్చిరి. తొలుత వంటకొరకు తలపెట్టిన పథకమును, స్త్రీల అసలు కోరిక నీరని తెలిసికొని మార్చుకొనుట అరుదైన వినయము.

ఆసు

దరిద్రుని పనిలో ఏ మెలిక వద్ద యంత్రము కావలెనో బయటివానికంటె ఆ పనిలో పుట్టినవాడే బాగుగా నెఱుగుననుటకు నల్లగొండ సీమయందలి ఆసుయంత్రముకంటె మంచి దృష్టాంతము లేదు. పోచంపల్లి, పుట్టపాక ప్రాంతముల పట్టుచీరలకు దారమునకు ముందుగనే రంగులద్ది, పిదప నేతయందు బొమ్మను తేల్తురు. రంగునకు కట్టుటకు ముందు పట్టుదారమును ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారపు చట్రమున ఒక అంచున వరుసగా మేకులు, ఎదురుగా మధ్యన ఒక మేకు. దారమును పట్టిన చేతిని ఈ కొననుండి ఆ కొనకు, సుమారు గజము దూరము, మరల మరల త్రిప్పవలెను. ఒక్క చీరకు ఇట్లు సుమారు 9,000 మారులు చేయి తిరుగవలెను; దానికి నాలుగైదు గంటలు పట్టును. ఈ పనిని సాధారణముగా నేతయింటి స్త్రీలే చేయుదురు. రోజునకు రెండు చీరల ఆసు పోసినచో 18,000 మారులు. భుజము, మోచేయి, మెడ పట్టుకొనిపోవును, చూపు మందగించును.

ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి పడుచుండిన ఈ బాధను చూచి, చదువు ఆరవ తరగతితో ఆగినవాడయ్యును, 1992లో ఆసుయంత్రపు నిర్మాణమునకు పూనుకొని, విడిభాగము విడిభాగముగా చేసి చూచి, 1999లో దానిని పూర్తిచేసెను. యంత్రము చేయి తిరుగు తీరునే అనుకరించును. ఒక చీర ఆసు గంటన్నరలో ముగియును. దానికి తల్లి పేరు పెట్టెను. 2017లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. ఈ ఆవిష్కరణమున గమనింపదగిన విశేషమేమనగా, అది మగ్గమును ముట్టలేదు, రంగును ముట్టలేదు, డిజైనును ముట్టలేదు. నేతగాని నేర్పరితనమును యథాతథముగా వదలి, దానిలో కూలి లేని, నేర్పు లేని, నొప్పి మాత్రమే గల ఒక్క దశను తప్పించెను.

కూలిని హరించు యంత్రములు

అట్లని శ్రమను తగ్గించు ప్రతి యంత్రమును పేదకు మిత్రము కాదు. జావాద్వీపమున 1970 ప్రాంతమున చిన్న రైసుమిల్లులు వ్యాపించినప్పుడును, బంగ్లాదేశమున హల్లర్లు వచ్చి ఢేకియను కాలిరోకళ్ళు మూలబడినప్పుడును, ఇతరుల వడ్లు దంచి గింజలు కూలిగా తెచ్చుకొనుచుండిన భూమి లేని స్త్రీలు పని కోల్పోయిరి. వడ్లు గల ఇల్లాలికి శ్రమ తగ్గెను. దంపుడు కూలిదానికి కూడు తగ్గెను. ఇంటిలోని జీతము లేని శ్రమను తీయు యంత్రమునకును, బయటి కూలిని తీయు యంత్రమునకును ఈ భేదము కలదు. పథకములు వ్రాయువారు రెండింటిని ‘శ్రమ ఆదా’ అను ఒకే గడిలో వేసి కూడుదురు.

వార్త, ధనము, వెలుగు

ఇరువదియొకటవ శతాబ్దమున ఈ రంగపు రూపు మారినది. కేరళతీరమున 1997-2001 సంవత్సరముల నడుమ మొబైలు ఫోను ప్రవేశించినప్పుడు, సార్డీను చేపలు పట్టు పడవలవారు ఒడ్డునకు రాకముందే ఏ రేవున ధర ఎట్లున్నదో తెలిసికొనసాగిరి. అంతకుముందు ఒక రేవున చేప మిగిలి పారవేయుచుండగా, మరియొక రేవున దొరకకుండెను. రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికవేత్త చేసిన పరిశోధన ప్రకారము, రేవులమధ్య ధరల వ్యత్యాసము చాల తగ్గి, బెస్తవారి లాభము నూటికి ఎనిమిది వంతులు పెరిగినది. కొనువారికి ధర నూటికి నాలుగు వంతులు తగ్గినది. ఇచ్చట ఏ దాతయు, ఏ పథకమును లేవు. ఫోను వ్యాపారముకొరకు వచ్చినది. పేదలు దానిని తమ పనికి త్రిప్పుకొనిరి. కెన్యాలో 2007లో ప్రారంభమైన ఎం-పెసా, బ్యాంకు మొగము చూడనివారు గూడ ఊరి దుకాణదారుని ద్వారా ఫోనులో ధనము పంపుకొను వీలు కల్పించినది. దానివలన 1,94,000 కుటుంబములు, అనగా ఆ దేశపు కుటుంబములలో నూటికి రెండు, కటిక దారిద్ర్యమునుండి వెలువడినట్లు 2016లో ప్రకటితమైన పరిశోధన అంచనా వేసినది. స్త్రీలు యజమానులుగా గల ఇండ్లలో ఈ ఫలితము అధికము. దీనికి భిన్నముగా, 2005లో ఆర్భాటముతో వెలువడిన, పిల్లవానికొక లాప్‌టాప్ ఇయ్యవలెనను పథకము పెరూ దేశమున అమలు జరిగినప్పుడు, గణితమునను భాషయందును పిల్లల మార్కులు పెరిగినట్లు రుజువు దొరకలేదు. యంత్రము ఇచ్చిరి; దానితో పాఠము చెప్పుటకు ఉపాధ్యాయునికి నేర్పుట మరచిరి.

సూర్యశక్తి దీపములలో బంగ్లాదేశము మరల ముందంజ వేసినది. వాయిదాలపై అమ్మబడిన గృహ సౌరపరికరములు ఆ దేశమున నలువదిలక్షల ఇండ్లను దాటి, కిరసనాయిలు దీపములను తప్పించినవి. తరువాత విద్యుత్తు తీగలు ఆ ఊళ్ళకు చేరుటతో పెక్కుచోట్ల వాని పని తీరిపోయినది. దీనిని వైఫల్యమనరాదు, తీగ వచ్చువరకు పదునైదేండ్లు పిల్లలు దీపముక్రింద చదువుకొనిరి. సౌరదీపమునకు ప్రాణము బ్యాటరీ. అది కొలదియేండ్లలో నీరసించును. రాజస్థానములోని తిలోనియా గ్రామమున 1972లో బంకర్ రాయ్ స్థాపించిన సంస్థ, ఈ చిక్కును మొదటనే తలచి, చదువురాని నడివయసు స్త్రీలను, ముఖ్యముగా అవ్వలను, ఆరునెలలు తనయొద్ద నుంచుకొని, రంగులగుర్తులతోను సైగలతోను సౌరపరికరముల అమరికను, మరమ్మతును నేర్పి పంపుచున్నది. పడుచువారు నేర్చినచో పట్టణమునకు పోవుదురని అవ్వల నెన్నుకొందురు. భారతప్రభుత్వ సహాయముతో ఆఫ్రికాదేశముల స్త్రీలు గూడ అచ్చటికి వచ్చి నేర్చుకొనిపోయిరి. వారి పల్లెలలో ఇంటింటికి నెలసరి రుసుము విధించి, ఆ పైకమునుండియే మరమ్మతు చేయు స్త్రీకి జీతమును, క్రొత్త విడిభాగములకు వెలను చెల్లించుట ఆ ఏర్పాటునందలి నియమము.